సడక్ ఎవరి జాగీరు?

నా టేబుల్ సొరుగులో ఒక చిట్టీ ఉంది. గులాబీ రంగు పల్చటి కాగితం, అరచేతిలో సగం. ‘పార్కింగ్ – టూ వీలర్’ అని అచ్చు, పక్కన బాల్ పెన్నుతో గీసిన 30. మొహర్ లేదు. నంబర్ లేదు. ఎవరు వసూలు చేస్తున్నారో, ఎవరి ఇజాజత్‌తో చేస్తున్నారో ఒక్క హర్ఫ్ లేదు. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. జాలీ సర్టిఫికెట్లు, జాలీ పట్టాలు ఎన్నో చూశాను. వాటిని తయారుచేసినవాళ్లు కనీసం ఒక రబ్బరు స్టాంపు కొట్టే మెహనత్ అయినా చేశారు. ఈ చిట్టీకి ఆ మాత్రం షరమ్ కూడా లేదు.

పోయిన రంజాన్‌లో, ఇరవయ్యో రోజా దాటాక, ఒక రాత్రి అమ్మీని స్కూటర్ ఎక్కించుకుని పాత షహర్‌లో ఒక బజారుకు పోయాను. ఏ బజారు, ఏ ఠాణా ఇలాఖా అన్నది రాయను. అది ఏ బజారైనా కావచ్చు. అమ్మీకి డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగిపోయాయి. దుకాణానికి వీలైనంత దగ్గరగా దింపాలి, వీలైనంత దగ్గరలో బండి పెట్టుకోవాలి. గల్లీ మొదట్లో ఒక పిలగాడు చేయి ఊపాడు. “ఇధర్ లగాలో చచ్చా, టెన్షన్ నక్కో.” చచ్చా అన్నందుకు సగం మనసు అక్కడే విరిగింది. నా గడ్డంలో తెల్ల వెంట్రుకలు ఇంకా లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. సరే, తీస్ రుపయే ఇచ్చాను, చిట్టీ జేబులో పెట్టుకున్నాను.

గంటంబావుకు వచ్చి చూస్తే బండి లేదు. నాదే కాదు, ఆ వరసలో పెట్టిన పది పదిహేను బండ్లు గాయబ్. పిలగాడు మాత్రం హాజరుగానే ఉన్నాడు. ఖాళీ అయిన జాగాలో కొత్త బండ్లు పెట్టిస్తున్నాడు, కొత్త చిట్టీలు చింపుతున్నాడు. “క్రేన్ లేకే గయా చచ్చా. మై క్యా కరూఁ?”

అమ్మీని ఒక బట్టల దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి, ఆటో పట్టుకుని పోయి, జుర్మానా కట్టి, క్రేన్ కిరాయి కట్టి బండి తెచ్చుకునేసరికి సెహ్రీకి లేపే వేళ దగ్గరపడింది. అక్కడున్న సాబ్‌ను అదబ్‌గానే అడిగాను. “అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు కదా జనాబ్?” “అది బోర్డు పెట్టి చెప్పాల్నా సార్, అందరికీ ఎరికే.” “మరి యాడ పెట్టుకోవాలె?” ఆయన ఈ ఒక్క సవాల్‌కు మాత్రం నిజాయితీగా జవాబిచ్చాడు. “అది మాకు తెల్వదు సార్. బల్దియావాళ్లను అడుగుండ్రి.”

అందుకే బల్దియాను అడుగుతున్నాను.

ముందు కానూన్ ఏమంటుందో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో రెండు సెక్షన్లు ఉన్నాయి. 117వది, బండ్లు ఎక్కడ నిలపవచ్చో సర్కారుగానీ, సర్కారు ఇఖ్తియార్ ఇచ్చిన అధికారిగానీ, స్థానిక సంస్థతో మష్వరా చేసి నిర్ణయించవచ్చని చెబుతుంది. 127వది, పది గంటలో ఆపైనో దిక్కులేకుండా వదిలేసిన బండినిగానీ, చట్టప్రకారం పార్కింగ్ మనా చేసిన చోట పెట్టిన బండినిగానీ, ఆ ఇలాఖాలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి హుకుంతో ఈడ్చుకుపోవచ్చని చెబుతుంది. లెక్క ప్రకారం 117 ముందు, 127 తర్వాత. ఇక్కడ పెట్టుకో అని చూపించాక కదా, అక్కడ పెట్టావెందుకు అని అడగాలి? మన షహర్‌లో 127కు క్రేన్లు ఉన్నాయి, కెమెరాలు ఉన్నాయి, ఈ-చలాన్లు ఉన్నాయి, ఫోన్‌కు మెసేజీ వస్తుంది. 117కు ఏముంది? గోడ మీద సగం చెరిగిపోయిన పసుపు గీత.

2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ మొదలుపెట్టారు. అడ్డంగా పెట్టిన బండ్లను, ఆక్రమణలను తొలగించడం దాని మక్సద్. ఫుట్‌పాత్ నడిచేవాడికి దొరకాలన్నది నాక్కూడా ఇష్టమే. నేను నడిచేవాణ్ణే. కానీ రోప్ అంటే తాడు. తాడు ఎవరి మెడకు సరిపోతుందో వాళ్లకే వేయడం మన షహర్ రివాజ్. స్కూటర్‌ను ఇద్దరు మనుషులు ఎత్తి ట్రక్కులో పడేయగలరు. ఫార్చూనర్‌ను ఎత్తాలంటే తాడు పొడుగు సరిపోదు. దాని లోపల డ్రైవర్ ఒకడు ఏసీ వేసుకుని కూర్చుని ఉంటాడు, అద్దం దించి ఒక పేరు చెబుతాడు, సలాం పడుతుంది. జుబ్లీహిల్స్‌లో కాఫీ దుకాణాల ముందు సాయంత్రం ఆరు తర్వాత ఒకసారి నిలబడి చూడండి. ఫుట్‌పాత్ ఎక్కడ మొదలై ఎక్కడ ఖతం అవుతుందో కనిపెట్టినవాళ్లకు నేను బిర్యానీ తినిపిస్తాను.

చట్టం ప్రకారం షహర్‌లోని పబ్లిక్ సడక్‌లు కార్పొరేషన్ ఆధీనంలో ఉంటాయి. నేను చదువుకున్న ఉర్దూ మీడియం బడిలో దీనికి ఒక మాట ఉండేది, అమానత్. అంటే నీది కానిది, నీ దగ్గర దాచిపెట్టమని ఇచ్చినది. అమానత్‌ను కాపాడాలి. దాన్ని ఇజారాకు ఇవ్వకూడదు, ఇచ్చినా లెక్క చెప్పాలి. ఏ సడక్ మీద ఎన్ని గజాలు ఏ ఠేకేదారుకు, ఎంతకు, ఎన్నాళ్లకు ఇచ్చారు? ఆ వివరం వార్డు ఆఫీసు గోడ మీద ఉండాలి, వసూలు చేసే జాగాలో బోర్డు మీద ఉండాలి. ఒక్క బోర్డు మీద రేటు, ఠేకా గడువు, ఫిర్యాదు నంబర్ మూడూ రాసి ఉంటే నా చిట్టీ లాంటి చిట్టీలు మర్నాటికి అచ్చు కావు. అందులో ఖర్చేముంది? ఒక ఇనప రేకు, ఒక డబ్బా పెయింటు. అది పెట్టకపోవడం పైసలు లేక కాదని నా షక్. బోర్డు లేని చోటే మామూలు పెరుగుతుంది. ‘మామూలు’ అన్న మాటకు ఉర్దూలో రోజూ జరిగేది అని అర్థం. లంచానికి ఆ పేరు పెట్టుకున్న తెలుగు కమాల్‌కు నేను డిగ్రీ చదివే రోజుల నుంచే ముగ్ధుణ్ణి.

పత్తర్‌గట్టీ రాతి కమాన్ల కింద నడిచే ఉంటారు మీరు. మూసీ వరద వచ్చింది 1908లో. ఆ తర్వాత 1912లో ఆరాయిష్-ఎ-బల్దా ఏర్పడింది, షహర్‌ను మళ్లీ కట్టడానికి. పత్తర్‌గట్టీ దుకాణాలు కట్టింది ఆ మహకమానే. దుకాణం ముందు కమాన్, కమాన్ కింద నీడ, నీడలో నడిచే మనిషి. ఎండ కొట్టినా వాన పడినా నడిచేవాడు తడవకుండా ఎండకుండా సౌదా చేసుకోవాలన్నది ఆ నక్షాలోని ఆలోచన. ఆ జమానా గొప్పదని నేను అనడం లేదు. అది జాగీర్ల జమానా, రైతు వీపు మీద కొరడా మోగిన జమానా, దాని తారీఫ్ నా వల్ల కాదు. కానీ నక్షా గీసినవాడు నడిచేవాణ్ణి లెక్కలోకి తీసుకున్నాడు. ఇవాళ అదే కమాన్ల కింద సగం దుకాణం సామాన్లు, సగం బండ్లు. నడిచేవాడు సడక్ మధ్యలో, బస్సుకూ ఆటోకూ నడుమ.

చార్మినార్ చుట్టూ బండ్లు బంద్ చేసి రాళ్లు పరిచారు. మంచిదే. మొజంజాహీ మార్కెట్ ఆంగన్‌లో నిండిపోయి ఉండే బండ్లు తీసేసి, కట్టడాన్ని సాఫ్ చేసి, 2020లో మళ్లీ తెరిచారు. చాలా బాగుంది, ఐస్‌క్రీం తినడానికి పిల్లల్ని తీసుకుపోతాను. అయితే ఆ ఆంగన్‌లోంచి తీసేసిన బండ్లు ఆస్మాన్‌లోకి పోయాయా? పక్క గల్లీల్లోకి పోయాయి. పాత షహర్‌కు బహుళ అంతస్తుల పార్కింగ్ కడతామన్న మాట ఖిల్వత్ పేరు మీద ఎన్ని ఏళ్లుగా వింటున్నానో నాకే లెక్క తప్పింది. ఈ విషయం మీద నేనే రిపోర్టర్‌గా వార్తలు రాశాను, ఆ వార్త రాసిన కుర్రాళ్లు ఇప్పుడు ఎడిటర్లయ్యారు.

ఇక్కడే ఒక మాట. మెట్రో మొదటి దశలో ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన ఐదున్నర కిలోమీటర్లు రాలేదు. మిగతా షహర్‌లో 2017 నవంబరు నుంచి రైళ్లు తిరుగుతున్నాయి. పాత షహర్‌కు మాత్రం 2024 మార్చిలో ఫారూఖ్‌నగర్‌లో సంగ్-ఎ-బునియాద్ వేశారు, అప్పుడు దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించారు. అంటే పాత షహర్‌వాడికి రైలు ఇవ్వలేదు. బస్సులు సరిపడా లేవు. గత్యంతరం లేక కిస్తుల మీద బండి కొన్నాడు. ఆ బండి పెట్టుకునే జాగా ఇవ్వలేదు. పెట్టుకున్నందుకు జుర్మానా వేశారు. ఆఖర్న టీవీలో కూర్చుని “ఓల్డ్ సిటీ వాళ్లకు ట్రాఫిక్ సెన్స్ లేదు” అన్నారు. ఆరు వాక్యాల్లో మా తారీఖ్ మొత్తం చెప్పేశాను.

మెట్రో వచ్చిన చోటైనా సుఖం ఉందా అంటే, 2024 ఆగస్టులో నాగోల్, మియాపూర్ స్టేషన్ల దగ్గర ఉచిత పార్కింగ్ తీసేస్తామన్నారు. ప్రయాణికులు గొడవ చేశారు. వాళ్ల గొడవలో న్యాయం ఉంది. బండిని స్టేషన్‌లో వదిలి రైలెక్కేవాడు షహర్‌కు ఉపకారం చేస్తున్నాడు. వాడి దగ్గర ఫీజు, షహర్ నడిమధ్యకు కారు తెచ్చి సడక్ మీద వదిలేసేవాడికి మాఫీ! ఈ హిసాబ్ ఏ మదర్సాలో నేర్పారో నాకు తెలీదు.

ఇప్పుడు జీవో 63 సంగతి. చాలామంది దోస్తులు దాన్ని బల్దియా చేసిన మహా ఘనకార్యంగా చెబుతారు. 2018 మార్చిలో వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమలు. మాల్స్‌లో, మల్టీప్లెక్స్‌లలో, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం. అరగంట నుంచి గంట దాకా, ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే, బిల్లుగానీ సినిమా టికెట్‌గానీ పార్కింగ్ ఫీజుకన్నా ఎక్కువ ఉంటే ఉచితం. ఉల్లంఘిస్తే జుర్మానా. ఫిర్యాదులు వచ్చిన మాల్స్‌కు 50,000 రూపాయల చలాన్లు పడ్డాయి కూడా. 2021 జూలైలో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు ఫీజు తీసుకునే ఇజాజత్ ఇచ్చారు.

నేను కూడా మొదట్లో ఖుష్ అయ్యాను. ఆ తర్వాత నెమ్మదిగా ఒక సంగతి బుర్రకెక్కింది. ఎవడి జాగా ఫ్రీ చేశారు? మాల్‌వాడి జాగా. ఎవరి జాగా మీద లెక్కా పత్రం లేదు? బల్దియా సొంత జాగా మీద. మాల్ సెల్లార్‌లో గేటు ఉంది, టికెట్ ఉంది, కెమెరా ఉంది. అక్కడ ఇన్స్పెక్షన్ ఆసాన్, ఫొటో ఆసాన్, పేపర్లో పేరు ఆసాన్. సడక్ మీద చిట్టీలు చింపే పిలగాడి వెనక ఎవరున్నారో కనుక్కోవడం ముష్కిల్. మాల్‌కు వచ్చేవాడు కారున్నవాడు. వాడికి అరగంట ఫ్రీ. బజారుకు వచ్చేవాడు స్కూటరున్నవాడు. వాడికి మొదటి నిమిషం నుంచే తీస్ రుపయే. ఆ జీవో రద్దు చేయమని నేను అనను. మాల్‌వాడు పార్కింగ్ చూపించే నక్షా పాస్ చేయించుకున్నాడు కాబట్టి, ఆ జాగా మీద దోపిడీ చేయకూడదు, సహీ. కానీ బల్దియా తన ఇంటి చెత్త ఊడ్చుకోకుండా పొరుగింటి వాకిట్లో చీపురు పట్టుకుని ఫొటో దిగినట్టుంది నాకు.

నక్షా అన్నాను కదా, అసలు కథ అక్కడుంది. పార్కింగ్ అంటే బండి పెట్టుకునే సదుపాయం అని మనం అనుకుంటాం. ఈ షహర్‌లో పార్కింగ్ జాన్ మీదికి వచ్చిన మసలా.

ఇల్లయినా దుకాణమైనా కట్టేటప్పుడు 2012 నాటి జీవో 168 రూల్స్ ప్రకారం కట్టుబడి విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా కట్టడంలో పదో వంతు బల్దియా దగ్గర తనఖాలో ఉంటుంది. రూల్ పకడ్బందీగానే ఉంది. తనిఖీ రోజు సెల్లార్ ఖాళీగా ఉంటుంది, తెల్ల గీతలు గీసి ఉంటాయి, ‘పార్కింగ్’ అని బోర్డు వేలాడుతూ ఉంటుంది. సర్టిఫికెట్ వచ్చి, తనఖా విడుదలయ్యాక, ఆరు నెలలు తిరక్కుండానే ఆ సెల్లార్ గోదాం అవుతుంది. లేకపోతే డయాగ్నస్టిక్ సెంటర్ అవుతుంది, కోచింగ్ సెంటర్ అవుతుంది, హోటల్ కిచెన్ అవుతుంది. అక్కడ పెట్టాల్సిన బండ్లు సడక్ మీదికి వస్తాయి. సడక్ మీద బండ్లను తీసుకుపోవడానికి క్రేన్ వస్తుంది. సెల్లార్‌ను తీసుకుపోయే క్రేన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ కాలింది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి గదులు. కింద అంటుకున్న మంట పొగ మెట్ల దారి పట్టుకుని పైకి పోయింది. ఎనిమిది మంది పోయారు. ఎక్కడెక్కడినుంచో పని మీద ఈ షహర్‌కు వచ్చి ఒక్క రాత్రి పడుకోవడానికి గది తీసుకున్నవాళ్లు.

2023 నవంబరు 13, నాంపల్లి బజార్‌ఘాట్. ఒక అపార్ట్‌మెంట్ కింద, బండ్లు ఉండాల్సిన అంతస్తులో, కెమికల్ డ్రమ్ములు. పైన కాపురాలు. తొమ్మిది మంది. నేను ఆ రోజు అక్కడికి పోయాను. మసి పట్టిన గోడ మీద ఫ్లాట్ నంబర్లు అలాగే ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ కింది అంతస్తు నక్షాలో డ్రమ్ములకు జాగా ఉండదు. అక్కడ బండ్లు మాత్రమే నిలబడి ఉంటే, అవి పెట్రోలు బండ్లే అయినా, ఆ తొమ్మిది జనాజాలు లేచేవి కావని అనుకోకుండా ఉండలేకపోతున్నాను. ప్రతి ప్రమాదం తర్వాతా ఒక కమిటీ వేస్తారు, సెల్లార్లు తనిఖీ చేస్తామంటారు, ఒక వారం నోటీసులు అంటిస్తారు. చాలీస్వాఁ అయ్యేసరికి గోదాముల షట్టర్లు మళ్లీ పైకి లేస్తాయి.

దీనికి తోడు క్రమబద్ధీకరణ అనే మాఫీ బజారు ఒకటుంది. అనుమతి తప్పి కట్టినవాళ్లు జుర్మానా కట్టి రెగ్యులర్ చేయించుకోండి అని 2007 ఆఖర్లో బీపీఎస్ వచ్చింది. తెలంగాణ వచ్చాక 2015లో బీఆర్ఎస్ వచ్చింది. అది హైకోర్టు దాకా పోయింది. స్కీం కాగితాల్లో పార్కింగ్ జాగాను వదలాలని రాసి ఉండొచ్చు. కట్టేవాడి బుర్రలో రాసుకున్నది వేరే: ఇవాళ తప్పు కట్టు, రేపు మాఫీ వస్తుంది. రూల్ పాటించి జాగా వదిలినవాడు బేవకూఫ్ అయ్యాడు, మింగినవాడు హోషియార్ అయ్యాడు. ఆ హోషియార్ దుకాణానికి వచ్చే గిరాకీ బండే ఇవాళ మీ ఇంటి గేటు ముందు ఉన్నది.

ఒక లెక్క చెప్తాను. కారుకు పార్కింగ్ జాగా అంటే మామూలుగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడుగు. పన్నెండున్నర చదరపు మీటర్లు. అదే జాగాలో ఐదు ఠేలా బండ్లు పడతాయి, మౌజ్‌కారీలూ సీతాఫల్‌కారీలూ ఐదుగురు. అంటే ఐదు కుటుంబాల రోజీ. కారు అక్కడ పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా కదలకుండా నిలబడి ఎవరికీ ఒక్క పైసా సంపాదించి పెట్టదు. ఠేలావాడికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా వాణ్ణి ఖాళీ చేయించకూడదని, తీసే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలని అందులో ఉంది. కారుకు సడక్ మీద ఊరికే నిలబడే హక్కు ఏ చట్టంలోనూ లేదు. మరి సాయంత్రం బల్దియా ట్రక్కు వచ్చినప్పుడు ఎవరి తక్కెడ లాక్కుపోతుంది? పాతకాలంలో ఠేలావాడి దగ్గర తైబజారు అని రోజూ వసూలు చేసేవాళ్లు, జాగా వాడుకుంటున్నావు కిరాయి కట్టు అని. సరే, కిరాయి సూత్రం ఒప్పుకుంటాను. అదే సూత్రం కారుకు ఎందుకు వర్తించదు?

ఇది నా ఒక్కడి ఖయాల్ కాదు. కేంద్రం 2006లో తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానంలోనే ఉంది, షహర్లలో భూమి విలువైనది, పార్కింగ్ ఫీజు ఆ భూమి విలువకు తగ్గట్టు ఉండాలి అని. ఢిల్లీ చెప్పి ఇరవై ఏళ్లు అయ్యింది. జపాన్‌లో 1962 నుంచి ఒక కానూన్ ఉంది. షహర్‌లో కారు కొనాలంటే ముందు ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు దాన్ని పెట్టుకునే జాగా ఉందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన దగ్గర బ్యాంకువాడు జీతం ఎంతని అడుగుతాడు, షోరూంవాడు రంగు ఏది కావాలని అడుగుతాడు. ఎక్కడ పెట్టుకుంటావని అడిగే నాథుడు లేడు.

ఇజారా మాట ఎత్తాను కాబట్టి చికాగో కథ కూడా చెప్పి పోతాను. 2008లో ఆ షహర్ తన సడక్‌ల మీది 36,000 పార్కింగ్ మీటర్లను ఏకంగా 75 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చేసింది, దాదాపు 115 కోట్ల డాలర్లకు. బడ్జెట్‌లో బొక్క పూడ్చడానికి. మరుసటి ఏడే అక్కడి ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క తీసి, దాదాపు 97 కోట్ల డాలర్లు తక్కువకు ఇచ్చారని రిపోర్టు రాశాడు. ఇప్పుడక్కడ జులూస్ కోసం సడక్ మూసినా, సైకిల్ బాట వేసినా, పోయిన మీటర్ ఆమ్దనీ కంపెనీకి కట్టాల్సి వస్తోంది. 2083 దాకా. తమ సడక్ మీద తమకే ఇఖ్తియార్ లేదు. నాంపల్లిలో మెట్రోవాళ్ల జాగాలో ఆటోమేటిక్ పార్కింగ్ టవర్ ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టారు, ఏళ్లూ పూళ్లూ పట్టింది, జర్మన్ మెషీన్లు అని గొప్పగా చెప్పారు. అరెకరంలో వందల బండ్లు పట్టడం మంచిదే. నాకు మెషీన్ల మీద ఏ దుష్మనీ లేదు. కానీ టవర్ చుట్టూ సడక్ మీద ఫ్రీగా నిలుపుకోనిస్తే ఆ టవర్‌లోకి ఎవరు పోతారు? పోకపోతే ఠేకేదారు నష్టమొచ్చిందని గోల చేస్తాడు, అప్పుడు ఒప్పందం మార్చి ఇంకొంత మునాఫా రాసిస్తారు. కాగితం మీద సంతకం పడే ముందు దాన్ని జనం ముందు పెట్టండి అనడం తప్పా?

మా వాళ్ల తప్పులు రాయకపోతే ఈ రాత బేఈమానీ అవుతుంది. వలీమా రాత్రి షాదీఖానా ముందు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. షాదీఖానాలో వెయ్యి మందికి దస్తర్‌ఖాన్ పరుస్తాం, యాభై బండ్లకు జాగా ఉండదు. దూల్హా గుర్రం దిగేదాకా అంబులెన్స్ ఆగాలి. జుమ్మా రోజు మసీదు ముందు మూడు వరసలు బండ్లు. రెండు రకాతుల కోసమే కదా అంటాం. ఆ రెండు రకాతుల్లో ఎవరో ఒకరి ఆటోలో ప్రసవానికి పోయే ఆడమనిషి ఉండొచ్చు. దారిలోంచి తక్లీఫ్ కలిగించేదాన్ని తీసేయడం ఈమాన్‌లో భాగమని చిన్నప్పుడు హజ్రత్ చెప్పిందే కదా మనకు. మా ముహల్లా మసీదు కమిటీలో ఈ మాట రెండుసార్లు ఎత్తాను. రెండోసారి ఎత్తినప్పుడు ఒక పెద్దాయన, “మియాఁ, పహలే బల్దియా కో సుధారో, ఫిర్ హమ్కో బోలో” అన్నాడు. నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. బల్దియా మమ్మల్ని చూపిస్తుంది, మేము బల్దియాను చూపిస్తాం. మధ్యలో దుకాణం మెట్ల మీద మా అమ్మీ.

2007లో పాత ఎంసీహెచ్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశారు. అప్పటినుంచి పేరు పెద్దదవుతూనే ఉంది, నక్షా పెద్దదవుతూనే ఉంది. ఎన్ఫోర్స్‌మెంట్ అని ఒక విభాగం వచ్చింది, ఆ తర్వాత 2024లో హైడ్రా వచ్చింది. చెరువులో కట్టిన ఇల్లు కూల్చడానికి బుల్డోజర్ తెల్లారకముందే వస్తుంది. సెల్లార్ మింగినవాడి దగ్గరికి ఎప్పుడు వస్తుందో చూడాలని ఉంది నాకు. బుల్డోజర్ కూడా వద్దు, షట్టర్‌కు ఒక తాళం చాలు. తాళం వేసి, లోపలి సామాను ఖాళీ చేయించి, తెల్ల గీతలు మళ్లీ గీయించి, ఆ దుకాణం బండ్లను ఆ సెల్లార్‌లోకే పంపండి. పత్తర్‌గట్టీ నుంచి అమీర్‌పేట దాకా ఒక్క ఏడాది ఈ పని చేస్తే, కొత్త టవర్లు ఎన్ని కావాలో అప్పుడు లెక్క వేద్దాం. బహుశా అన్ని అక్కర్లేదని తేలుతుంది. టవర్ల టెండర్లు పిలిచేవాళ్లకు ఆ లెక్క ఇష్టముండదేమో, అది వేరే సంగతి.

ఈ వారం సమాచార హక్కు కింద ఒక దర్ఖాస్తు రాశాను. మా సర్కిల్‌లో సడక్ మీద పార్కింగ్ ఫీజు వసూలు చేసే ఇజాజత్ ఎవరికి ఉంది, ఆ ఇలాఖాలో నో పార్కింగ్ అని నోటిఫై చేసిన సడక్‌లు ఏవి, పార్కింగ్ సెల్లార్లను వేరే పనికి వాడుతున్నారని గత ఐదేళ్లలో ఇచ్చిన నోటీసులు ఎన్ని, అందులో ఎన్ని సెల్లార్లు మళ్లీ పార్కింగ్ అయ్యాయి. పది రూపాయల ఫీజు కట్టాను, రసీదు ఇచ్చారు. దాని మీద మొహర్ ఉంది, నంబర్ ఉంది, తారీఖ్ ఉంది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ రసీదును సొరుగులో గులాబీ చిట్టీ పక్కన పెట్టాను.

నిన్న అమ్మీని అడిగాను, ఈసారి బక్రీద్‌కు బట్టలకు బజారు పోదామా అని. తస్బీహ్ తిప్పుతూనే తల అడ్డంగా ఊపింది. “నక్కో బేటా. ఫోన్ మే మంగాలే.”